బంధువర్గంలో అత్యాచారం: పునరుద్ధరణ న్యాయ పద్ధతిలో నడిపిన ఒక కేసు

ఈ కేసులో బాధితురాలు ముప్పై ఏళ్ల ఉద్యోగిని. ఎనిమిదేళ్ల కిందట, పీజీ చదువుతున్న రోజుల్లో సంక్రాంతి సెలవులకు అక్కగారింటికి వెళ్లినప్పుడు బావగారి తమ్ముడు ఆమెపై అత్యాచారం చేశాడు. అప్పట్లో పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. పెద్దలు కూర్చుని మాట్లాడారు, విషయం మూతపడింది. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలనుకుంటున్నానని, అది సాధ్యమేనా అని అడుగుతూ ఆమె మా దగ్గరకు వచ్చారు. మేము పనిచేసేది పునరుద్ధరణ న్యాయ పద్ధతిలో: నేరం చేసిన వ్యక్తి తాను చేసినదాన్ని ఒప్పుకుని, బాధితురాలికి నేరుగా జవాబు చెప్పేలా, బాగా సిద్ధం చేసిన సమావేశాన్ని నడపడం. మొదటి సంభాషణ నుంచి చివరి సమీక్ష వరకు ఈ కేసుకు ఫెసిలిటేటర్‌గా, అంటే ఇద్దరి మధ్య సంభాషణను నడిపే వ్యక్తిగా, పనిచేసింది నేనే.

లైంగిక హింసకు గురైన వ్యక్తి ఎవరో తెలిసిపోయేలా వివరాలు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. అందుకని ఊళ్లు, చదువులు, ఉద్యోగాలు, పండుగ సందర్భాలు మార్చాను. బంధుత్వాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచమని ఆమే కోరారు, ఎందుకంటే ఈ కేసులో ప్రతి చిక్కూ ఆ బంధుత్వంలోంచే పుట్టింది. ఆమె పూర్తిగా చదివి, కొన్ని వాక్యాలు దిద్ది, సరేనన్న తర్వాతే దీన్ని బయటపెడుతున్నాను.

అప్పటి పంచాయితీ

సంఘటన జరిగిన రెండు రోజులకే ఆమె అక్కకు చెప్పారు. అక్క తన భర్తకు చెప్పింది. వారం తిరగకముందే రెండు వైపుల పెదనాన్నలు, ఒక మేనమామ, బంధువుల్లోనే వకీలుగా ఉన్న ఒకాయన కూర్చుని ఒక పరిష్కారం తేల్చారు. అబ్బాయి వరసైనవాడే కాబట్టి పెళ్లి చేసేస్తే రెండు కుటుంబాల పరువూ దక్కుతుందన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు రెండో మార్గం చూపించారు: అందరి ముందూ అతను ఆమె కాళ్లమీద పడతాడు, అంతటితో ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. అతను పడ్డాడు. గదిలో ఉన్న పెద్దలందరూ ఆమె ముఖంలోకే చూస్తూ ఉండటంతో, లేవమని ఆమే చెప్పాల్సి వచ్చింది. క్షమించేసిందని అందరూ అనుకున్నది ఆ ఒక్క మాటతోనే. తర్వాత కాలంలో ఆ ఇంట్లో వేరే కథ స్థిరపడింది: ఇద్దరూ ఇష్టపడ్డారు, తీరా పెళ్లి మాట వచ్చేసరికి అమ్మాయి కాదంది.

తెలుగు ప్రాంతాల్లో పనిచేసేవాళ్లం ఎవరం పునరుద్ధరణ న్యాయం గురించి మాట్లాడినా వినేవారి మనసులో మొదట మెదిలేది ఇలాంటి పంచాయితీయే. మహిళా సంఘాలు ఈ పద్ధతిని అనుమానంగా చూడటానికి కారణం కూడా అదే, ఆ అనుమానం న్యాయమైనది. తప్పు కట్టించుకోవడం, పెళ్లి చేయడం, ఊరు మార్పించడం, చివరికి ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఆడపిల్ల మీదే ఒత్తిడి తేవడం మన దగ్గర తరాలుగా నడుస్తున్నవే. న్యాయస్థానాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. రాజీ కుదిరిందన్న కారణంతో అత్యాచారం వంటి ఘోర నేరాల కేసులను కొట్టివేయకూడదని 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో, రాజీని చూపి శిక్ష తగ్గించకూడదని 2013లో శింభు కేసులో, అత్యాచారం విషయంలో రాజీ ఆలోచనే తగదని 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిలు కావాలంటే బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలంటూ మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన షరతును 2021 మార్చి 18న అపర్ణా భట్ కేసులో రద్దు చేస్తూ, ఇలాంటి కేసుల్లో పెళ్లి, రాజీ, మధ్యవర్తిత్వం వంటి సూచనలు న్యాయమూర్తులు చేయకూడదని కూడా ఆదేశించింది. ఈ తీర్పులు మా పనికి అడ్డమని నేను ఎన్నడూ అనుకోలేదు. బాధితురాలు తనంతట తాను అడగకపోతే, ఆమె ఫిర్యాదు హక్కుకు వెంట్రుకవాసి నష్టం కలిగినా, అక్కడ జరుగుతున్నది పంచాయితీయే అవుతుంది.

ఆమె అడిగినవి

అక్క కూతురి ఓణీల ఫంక్షన్ దగ్గరపడుతోంది. పిల్లకు ఒకవైపు బాబాయి, మరోవైపు పిన్ని. ఇద్దరూ ఒకే వేదిక ఎక్కాలి, ఒకే ఫొటోలో నిలబడాలి. ఆ తలంపుతోనే ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారు, వకీలును కూడా కలిసి వచ్చారు. అత్యాచారం కేసుకు ఫిర్యాదు గడువంటూ లేదని, ఎనిమిదేళ్ల తర్వాత వైద్య సాక్ష్యం ఉండదు కాబట్టి ఆమె మాట మీదే కేసు నిలబడాలని, నేరం భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగినందున పాత శిక్షాస్మృతి 376వ సెక్షనే వర్తిస్తుందని ఆ వకీలు వివరించారు. ఇవన్నీ తెలిసే ఆమె మా దగ్గరకు వచ్చారు.

ఏం కావాలని అడిగితే మూడు విషయాలు చెప్పారు. తాను చేసినదేమిటో అతను తన నోటితో అక్కకూ బావకూ చెప్పాలి. తాను వెళ్లే శుభకార్యాలకు అతను రాకూడదు. మూడోది ఒక ప్రశ్న: అది ముందే అనుకుని చేశాడా? ఆ ప్రశ్నకు జవాబు ఏ కోర్టులోనూ తనకు దొరకదని, అక్కడ అతను తనను తాను కాపాడుకునే పనిలోనే ఉంటాడని ఆమె అన్నారు. ఫిర్యాదు ఎందుకు వద్దనుకుంటున్నారని నేను అడగలేదు. కారణం సరైనదా కాదా అని తూచే అధికారం మాకు లేదు. ఆ నిర్ణయం ఎప్పుడైనా మార్చుకోవచ్చన్న సంగతి ఆమెకు తెలుసో లేదో చూసుకోవడమే మా పని.

అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే కావడం 90 శాతానికి పైగా ఉంటుందని జాతీయ నేర గణాంకాలు ఏటా చూపిస్తున్నాయి. ఆ తెలిసినవాడు బంధువైతే, శిక్ష పడినా పడకపోయినా, పెళ్లిళ్లూ చావులూ ఆ ఇద్దరినీ మళ్లీ ఒకే ఇంటికి చేరుస్తూనే ఉంటాయి. ఆమె మూడు కోరికలూ ఆ నిజంలోంచి వచ్చినవే.

ముగ్గురితో నడిచే పద్ధతి

మేము అనుసరించే అమరికకు మూలం న్యూజిలాండ్‌లో ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం పీమా కౌంటీలో మేరీ కాస్ నాయకత్వంలో 2003లో మొదలైన రిస్టోర్ కార్యక్రమం లైంగిక నేరాలకే ప్రత్యేకించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. దాని స్ఫూర్తితో 2005లో ఆక్లండ్‌లో షర్లీ జూలిచ్ తదితరులు ప్రాజెక్ట్ రిస్టోర్ ప్రారంభించారు. అక్కడ ఒక్క ఫెసిలిటేటర్ చేతిలో కేసు ఉండదు. బాధితురాలి తరఫున ఒక నిపుణురాలు, నేరం చేసిన వ్యక్తితో పనిచేయడానికి మరో నిపుణుడు, ఇద్దరి మధ్య ఫెసిలిటేటర్ ఉంటారు. ఈ ముగ్గురి పనినీ పైనుంచి ఒక క్లినికల్ సైకాలజిస్టు చూస్తుంటారు. లైంగిక నేరంలో చేసినవాడి మాటలు చాలా నమ్మదగినవిగా వినిపిస్తాయి, వింటున్నవారిని తనవైపు తిప్పుకుంటాయి. తటస్థంగా ఉండాలనుకునే ఒక్క మనిషి తెలియకుండానే అటు ఒరిగే ప్రమాదం ఉంది. ముగ్గురుంటే ఒకరు ఒరిగినప్పుడు మిగతా ఇద్దరికీ తెలిసిపోతుంది.

పీమా కౌంటీలో కేసులను పంపింది ప్రాసిక్యూటర్లు. అంటే అక్కడ ఈ పనికి చట్టం నీడ ఉండేది. మన దగ్గర అది లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం నేరాల ప్రాసిక్యూషన్‌కు సంబంధించిన వివాదాలను మొదటి షెడ్యూల్‌లోనే పక్కన పెట్టింది కాబట్టి, ఆ చట్టం ఇచ్చే గోప్యత మా సమావేశాలకు వర్తించదు. అతను మా ముందు ఒప్పుకున్న మాట రేపు కోర్టులో అతనికి వ్యతిరేకంగా రావచ్చు. ఈ సంగతిని మొదటి సమావేశానికి ముందే రెండు వైపులా రాతపూర్వకంగా చెప్పి, ఎవరి వకీలును వారు కలిసి రమ్మంటాం. అతని వకీలు వెళ్లవద్దనే చెప్పాడు. కేసు పెట్టనని ఆమె చేత రాయించుకుంటే వస్తానని అతను కబురు పంపాడు. మేము ఆ షరతును ఆమెకు తెలియజేసి, మా వైపు నుంచి కుదరదని జవాబిచ్చాం. కొన్ని నెలలు ఏ కదలికా లేదు.

ఈ చట్టపరమైన ప్రమాదాన్ని ఎలాగైనా తొలగిస్తే ఎక్కువమంది పురుషులు ముందుకొస్తారని మా రంగంలో కొందరు అంటారు. నేను అంగీకరించను. ఆ ప్రమాదం తెలిసీ వచ్చి కూర్చున్నప్పుడే అతని ఒప్పుకోలుకు బరువు ఉంటుంది. ప్రభుత్వం ఏనాటికైనా చట్టం చేసి గోప్యత కల్పిస్తే అది వేరే మాట. అంతవరకు దాని మూల్యం బాధితురాలి హక్కులోంచి కోసి చెల్లించకూడదు.

గడియ

అతను చివరికి వచ్చాడు. ఎందుకు వచ్చాడో ఖచ్చితంగా చెప్పలేను. తనకు ఆడపిల్ల పుట్టిన తర్వాత మనసు నిలవడం లేదని మా నిపుణుడితో అన్నాడు. అలాంటి మాటలను మేము నమోదు చేసుకుంటాం, వాటి మీద దేన్నీ నిలబెట్టం.

ఆమె మా ముందు ఒక నియమం పెట్టారు. ఆ రోజు గురించి తనకు గుర్తున్నవేవీ అతనికి చేరకూడదు. అతను తనంతట తాను ఏం చెబుతాడో చూసి, ఆ తర్వాతే కలవాలో వద్దో తేల్చుకుంటానన్నారు. ఆ గదిలో తలుపుకు గడియ పెట్టిన చప్పుడు ఆమెకు బాగా గుర్తుంది. ఆ విషయం తన తరఫు నిపుణురాలికి, నాకు మాత్రమే చెప్పారు. అతనితో పనిచేసే సహోద్యోగికి కూడా తెలియనివ్వలేదు.

అతని మొదటి కథనంలో ఇంట్లో అందరూ గుడికి వెళ్లారు, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారు, తెలియకుండానే అలా జరిగిపోయింది. రెండోసారి చెప్పినప్పుడు ఆమె వద్దన్న మాట వచ్చింది, కానీ గట్టిగా అనలేదని పక్కనే ఒక సర్దుబాటు వచ్చింది. మా నిపుణుడు వాదించలేదు. ఆ మధ్యాహ్నాన్ని నిమిషం నిమిషంగా చెప్పమని, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఆమె చేతిలో ఏముంది, ఆమె ముఖం ఎలా ఉంది అని మళ్లీ మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. చాలా వారాల తర్వాత ఒక రోజు అతను తన చేత్తో రాసుకొచ్చిన కాగితంలో ఇలా ఉంది: “అందరూ గేటు దాటాక టీవీ సౌండు పెంచాను. ఆ తర్వాత తలుపు గడియ పెట్టాను. అప్పటికి ఆమె ఇంకా పుస్తకం చదువుకుంటోంది.”

ఆ కాగితాన్ని ఆమె మా ఆఫీసులో కూర్చుని చదివారు. టీవీ సంగతి ఆమెకు అంతవరకు తెలియదు. ఆ రోజు ఎందుకు ఎవరికీ వినపడలేదన్నది ఎనిమిదేళ్లుగా తన గొంతు తప్పే అనుకున్నానని చెప్పి, చాలాసేపటి తర్వాత సమావేశానికి తేదీ చూడమన్నారు. ముందే అనుకుని చేశాడా అన్న ప్రశ్నకు జవాబు ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. సమావేశం కన్నా దానికి ముందు జరిగే తయారీయే అసలు పని అని ఈ రంగంలో అందరూ అంటారు. ఈ కేసులో ఆ కాగితం రావడానికి పట్టిన కాలమే మొత్తం ప్రక్రియలో సగానికి పైగా ఉంది.

సమావేశం

సమావేశంలో ఎవరుండాలన్న దానిపై చర్చ నడిచింది. అతని అన్న, అంటే ఆమె బావగారు, వస్తానని పట్టుబట్టారు. అప్పటి పంచాయితీలో ఆయన పాత్ర ఉన్నందున మేము ఒప్పుకోలేదు. ఆమెకు తోడుగా అక్క వచ్చింది. అతనికి తోడుగా చిన్ననాటి స్నేహితుడొకడు వచ్చాడు. అతను చేసినదేమిటో ఆ స్నేహితుడికి ముందే పూర్తిగా తెలిసి ఉండాలన్నది మా షరతు, ఎందుకంటే నిజం తెలియని తోడు ఆ గదిలో ఓదార్పుకే పనికొస్తాడు.

అతనికి కొన్ని నిబంధనలు ముందుగా చెప్పాం. కాళ్లమీద పడకూడదు. క్షమించమని అడగకూడదు, అడిగితే ఆమె జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆ భారం మళ్లీ ఆమె మీదే పడుతుంది. ఏడుపు వస్తే బయటకు వెళ్లి రావచ్చు, ఆమె ముందు కూర్చుని ఏడవకూడదు. ఆమె కూడా తన వైపు నుంచి ఒకటి తేల్చుకున్నారు: అతన్ని బావా అని పిలవరు, మీరు అనే అంటారు.

రెండు దారులున్న గది చూసుకున్నాం. ఆమె ముందు వచ్చి, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ ఎంచుకున్నారు. మధ్యలో బల్ల ఉండకూడదని మామూలుగా మా పుస్తకాలు చెబుతాయి. ఆమె బల్ల కావాలన్నారు, బల్ల వేశాం.

తాను రాసుకొచ్చిన కాగితాలు ఆమె చదివారు. చదువు ఒక ఏడాది ఆగిపోవడం, పండుగలకు పుట్టింటికి వెళ్లడం మానేయడం, కుదిరిన సంబంధాన్ని కారణం చెప్పలేక వదులుకోవడం, ఇప్పటికీ గది తలుపు పూర్తిగా మూయకుండా పడుకోవడం అందులో ఉన్నాయి. విన్నదాన్ని అతను తన మాటల్లో తిరిగి చెప్పాలి. సంబంధం తప్పిపోయిన సంగతి వదిలేశాడు. ఆమె ఆపి, అది కూడా చెప్పమన్నారు. చెప్పాడు. తర్వాత గడియ గురించి, టీవీ గురించి కాగితం చూడకుండా ఆమె వైపు తిరిగి చెప్పాడు.

అప్పటిదాకా మౌనంగా ఉన్న అక్క మరిది వైపు తిరిగి, “గుడి నుంచి రాగానే నీకే ముందు కాఫీ ఇచ్చాను, ఇది గదిలోంచి బయటికి రాలేదు, తలనొప్పేమో అనుకున్నాను” అంది. అతను తల దించుకున్నాడు. అక్క ఆ తర్వాత మాట్లాడింది అతనితో కాదు, చెల్లెలితో. అది ఇక్కడ రాయవద్దని ఇద్దరూ కోరారు.

ఒప్పందం, ఆ తర్వాతి ఏడాది

రాతపూర్వక ఒప్పందంలో అతను చేయాల్సినవి కుదించి రాశాం. నిర్ణీత గడువులోగా మా నిపుణుడి సమక్షంలో అన్నకూ తల్లిదండ్రులకూ నిజం చెప్పాలి. ఆమె వచ్చే ఏ కార్యానికీ రాకూడదు, రాకపోవడానికి ఆమెను కారణంగా చూపకూడదు. ఏడాదిపాటు సైకాలజిస్టు దగ్గరకు వెళ్లాలి, ఖర్చు అతనిదే. ఆమె ఇన్నేళ్లుగా పెట్టుకున్న చికిత్స ఖర్చులు అడగవచ్చని మేము చెప్పాం. ఆమె వద్దన్నారు, డబ్బు చేతులు మారితే ఆ ఇంట్లో మళ్లీ కొత్త కథ పుడుతుందని ఆమె అంచనా. కేసు పెట్టే హక్కు గురించి ఒప్పందంలో ఒకే వాక్యం ఉంది: ఇందులోని ఏ అంశమూ ఆ హక్కును తగ్గించదు.

అతని భార్యకు ఎవరు చెప్పాలన్న ప్రశ్న మమ్మల్ని విడదీసింది. ఆమెకు తెలుసుకునే హక్కు ఉందని, ఇంట్లో ఆడపిల్ల కూడా ఉందని అతనితో పనిచేసిన సహోద్యోగి గట్టిగా అన్నాడు. బాధితురాలికి అది అక్కర్లేదు. పర్యవేక్షించే సైకాలజిస్టు దగ్గర చాలాసేపు మాట్లాడి, దాన్ని ఒప్పందంలో చేర్చకుండా అతని చికిత్సలో తేల్చవలసిన విషయంగా పెట్టాం. కొన్ని నెలలకు అతనే భార్యకు చెప్పాడు. ఆవిడ కొంతకాలం పుట్టింటికి వెళ్లి వచ్చింది. ఆవిడకు మేము ఏ సాయమూ ఏర్పాటు చేయలేకపోయాం. ఈ పద్ధతిలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ఖాళీ అదే: నేరం చేసిన మనిషి ఇంట్లోని ఆడవాళ్లకు మా అమరికలో చోటు లేదు.

అన్నకు నిజం చెప్పిన రోజు ఆయన నమ్మాడు, క్షమాపణ కోరుతూ మరదలికి ఉత్తరం రాశాడు. ఆమె చదివి జవాబివ్వలేదు. తల్లి మాత్రం నమ్మలేదు. కొడుకు చేత బలవంతంగా ఒప్పించారని బంధువుల్లో చెప్పుకుంటోంది, ఆ కోపమంతా పెద్ద కోడలి మీద తీర్చుకుంటోంది. ఆమె అక్కకు మేము విడిగా కౌన్సెలింగ్ ఏర్పాటు చేశాం. అతను సైకాలజిస్టు దగ్గరకు మొదట్లో క్రమంగా వెళ్లాడు, తర్వాత ఉద్యోగ ప్రయాణాలంటూ మానేశాడు, నోటీసు పంపాక తిరిగి మొదలుపెట్టి ఏడాది పూర్తి చేశాడు. ఓణీల ఫంక్షన్‌కు రాలేదు. ఆమె వెళ్లి, రెండు రోజులు అక్క ఇంట్లోనే ఉన్నారు.

ఈ కేసును చూసి ఇలాంటివి విరివిగా చేయవచ్చని ఎవరూ అనుకోకూడదు. అడిగినవాటిలో ఎక్కువ భాగాన్ని మేము తీసుకోం. బాధితురాలు మైనరైతే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం సమాచారం పోలీసులకు చేరి తీరాలి, మా పద్ధతికి అక్కడ ఆస్కారం లేదు. హింస ఇంకా సాగుతున్న కాపురాల్లో, అతని మీద ఆమె జీతమో చదువో ఆధారపడి ఉన్నచోట, కోర్టులో కేసు నడుస్తుండగా దాన్ని తేలిక చేసుకోవాలన్న ఉద్దేశంతో అతని వైపు నుంచి కబురు వచ్చినప్పుడు మేము కాదంటాం. ఆమెకు బదులుగా ఆమె తండ్రో అన్నో ఫోన్ చేసినా అంతే. ఆమెనే మాట్లాడమంటాం, ఆమె మాట్లాడకపోతే ఫైలు తెరవం.

ఏడాది సమీక్షలో ఆమె తన పరిస్థితిని చెప్పారు. నిద్ర చాలావరకు కుదుటపడింది. అతని మీద కోపం తగ్గలేదు, తగ్గాలని తాను కోరుకోవడమూ లేదు. అతని తల్లి ప్రచారం ఇలాగే సాగితే పోలీసు ఫిర్యాదు ఇచ్చే ఆలోచన ఉందని, వకీలుతో మళ్లీ మాట్లాడుతున్నానని కూడా చెప్పారు. ఆ సంగతి ఆమె అనుమతితో అతనికి తెలియజేశాం. ఆమె ఫిర్యాదు ఇస్తే, అతను మా ముందు ఒప్పుకున్న మాటలకు సాక్షులుగా మమ్మల్ని పిలవవచ్చు. పిలిస్తే వెళ్లి, విన్నది విన్నట్టు చెబుతామని మొదటి రోజే ఇద్దరికీ రాసి ఇచ్చి, వారి సంతకాలు తీసుకున్నాం.